కుక్కపిల్లకి బొడ్డు దగ్గర మెత్తటి ఉండ, నొక్కితే లోపలికి పోతా ఉంది, ఏం చేయాలి?

రవ్వ_వాళ్ళమ్మ_కావలి
మాది కావలి. మా సందు చివర వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది, నాలుగింటిని ఎవరెవరో తీసకపోయారు, మిగిలిన ఆడపిల్లని మా పిలకాయలు ఇంటికి తెచ్చేశారు. పేరు రవ్వ, రంగు అచ్చం వేయించిన బొంబాయి రవ్వ మాదిరే ఉంటది. ఇప్పుడు ఏడు వారాలు. నిన్న తడిగుడ్డతో పొట్ట తుడస్తా ఉంటే బొడ్డు దగ్గర రేగ్గాయంత ఉండ తగిలింది. మెత్తగా ఉంది, వేలితో అదిమితే లోపలికి పోయింది, వేలు తీశాక అది లేచి నిలబడి అరిచిందో లేదో మళ్ళీ బయటికి వచ్చేసింది. నొప్పయితే లేదు, తింటా ఉంది, ఇల్లంతా పరిగెత్తతా ఉంది. మా నాయనేమో రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టు, చిన్నప్పుడు మీ తమ్ముడికి అట్టే కట్టాం తగ్గిపోయింది అంటాడు. పక్కింటాయనేమో అది సెగ్గడ్డ, సూదితో పొడిచి చీము తీసేస్తే పోద్ది అని సాయంత్రం వస్తానన్నాడు. నాకు రాత్రంతా నిద్ర లేదు. ఎవరికన్నా ఇట్టా అయిందా?

పెన్నా_ఒడ్డు
పక్కింటాయన్ని రానీయొద్దక్కా. నొక్కితే లోపలికి పోయేది చీమెట్టా అవుద్ది? చీముగడ్డ నొక్కితే కుక్కపిల్ల కెవ్వుమంటది, పట్టుకుంటే కాలిపోతా ఉంటది. ఇది హెర్నియా. ఆ ఉండలో కొవ్వన్నా ఉంటది పేగన్నా ఉంటది, సూది దిగితే పేగుకి బొక్క పడద్ది.

సింగరాయకొండ_సుబ్బు
మీ నాయన చెప్పింది కరెక్టే. మా పామరేనియన్‌కి రెండు నెలలప్పుడు సేమ్ ఇట్టాగే ఉండె. ఐదు రూపాయల బిళ్ళ పెట్టి ప్లాస్టర్ వేశా, వారానికోసారి మార్చేవాణ్ణి, నాలుగు నెలలకి పోయింది. డాక్టర్ దగ్గరికి పోతే కోయాలి అంటారు. ఇంత చిన్న ప్రాణిని ఎందుకు కోయించడం?

వెట్_ఫైనలియర్_తిరుపతి
తిరుపతి వెటర్నరీ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నా, మా సొంతూరు పొదిలి. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు బొడ్డుతాడు పిల్ల పొట్టలోకి పోయేదానికి పొట్ట కండరం మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. పుట్టాక కొద్ది రోజుల్లో అది మూసుకోవాలి. కొన్నిటికి పూర్తిగా మూసుకోదు, ఆ సందులోంచి లోపలి కొవ్వు చర్మం కిందకి తోసుకొస్తుంది, మీరు చూసిన ఉండ అదే. బొడ్డు హెర్నియా అంటాం. ఎక్కువ భాగం పుట్టుకతో వచ్చేదే, మీరు ఎత్తుకున్నందుకో పిల్లలు ఆడించినందుకో రాలేదు, ఆ భయం పెట్టుకోవద్దు.

చూడాల్సింది ఉండ సైజు కాదు, కింద ఉన్న రంధ్రం సైజు. రవ్వని వెల్లకిలా పడుకోబెట్టి, అది కదలకుండా ఉన్నప్పుడు ఉండని మెల్లగా లోపలికి పంపి, వేలి కొనతో ఆ రంధ్రం అంచు తడిమి చూడండి. బలవంతం మాత్రం వద్దు. చిటికెన వేలి కొన కూడా దూరనంత చిన్నదైతే మామూలుగా కొవ్వే వస్తుంది, ఐదారు నెలల వయసు లోపు చాలావాటికి దానంతటదే మూసుకుంటుంది. వేలు సులువుగా దూరేంత ఉంటే పేగు కూడా జారొచ్చు, అప్పుడు ఎదురుచూడడం గురించి డాక్టరే చెప్పాలి. ఎట్లయినా ఒకసారి చూపించండి, టీకా కోసం పోయే పనే ఉంది కదా.

సుబ్బు గారూ, మీ కుక్కకి తగ్గింది నిజమే, బిళ్ళ వల్ల తగ్గలేదు. అది మూసుకునే వయసు, మూసుకుంది. బిళ్ళ పెట్టకపోయినా మూసుకునేది.

సింగరాయకొండ_సుబ్బు
మీరు పుస్తకాల్లో చదివారు, నేను కళ్ళతో చూశా. మా అమ్మ నలుగురు పిలకాయలకి కట్టింది, నలుగురికీ పోయింది. అయినా పెద్దోళ్ళు అన్నీ ఊరికే చెప్తారా.

చీమకుర్తి_చిన్నోడు
సుబ్బన్నా మీ వాడికి ఏం కాలేదు, మా వాడికి అయింది. నేను కూడా బిళ్ళే కట్టా. కట్టు లూజయితే జారి పక్కకి పోయేది, బిగిస్తే పిల్ల ఊపిరాడక గిలగిల కొట్టుకునేది. ఎనిమిదో రోజు విప్పితే బిళ్ళ కింద చర్మం తడితడిగా తెల్లగా నాని ఊడొచ్చింది, వాసన. హెర్నియాకి వైద్యం పోయి ఆ పుండుకి మూడు వారాలు తిరిగా. పైగా బిళ్ళ బొక్కని మూసేది లేదు, బయటకొచ్చిన దాన్ని అదిమి పెట్టేది అంతే, ఒకవేళ లోపల పేగు ముక్క ఇరుక్కుని ఉంటే పైనుంచి నువ్వే నొక్కి పట్టుకున్నట్టు కదా.

ఎడ్ల_కొట్టం_ఒంగోలు
నాకు కుక్కల గురించి పెద్దగా తెలీదు, మాకు ఒంగోలు ఆవులు ఉన్నాయి. దూడల్లో ఇది చూస్తానే ఉంటాం. చిన్న బొడ్డు హెర్నియా ఉన్న దూడకి మా డాక్టరే వెడల్పాటి కట్టు కట్టమన్నాడు, తగ్గింది. కాబట్టి కట్టు అనేదే తప్పు అంటే నేను ఒప్పుకోను.

ఇంకోటి, దూడకి బొడ్డు వాచిందంటే మేం ముందు చూసేది వేడి ఉందా లేదా అని. ఈనిన వెంటనే బొడ్డుకి టించర్ అయోడిన్ పుయ్యకపోతే మురికి పట్టి చీము పడద్ది, జరం వస్తది, కీళ్ళు కూడా పట్టేస్తాయి. అది వేరే, ఇది వేరే. పక్కింటాయన అదే అనుకుని ఉంటాడు పాపం, పశువుల్ని చూసిన చెయ్యి అయుంటది.

వెట్_ఫైనలియర్_తిరుపతి
ఎడ్ల కొట్టం గారు చెప్పింది నిజం, చిన్న దూడల్లో చిన్న రంధ్రం ఉంటే వెడల్పు పట్టీ కట్టే పద్ధతి ఉంది. కానీ అది పొట్ట చుట్టూ సమంగా పట్టే పట్టీ, బిళ్ళ కాదు, డాక్టరు చూసి కట్టించేది. కుక్కపిల్ల నడుము అందుకు పనికిరాదు, వెనక్కి జారుతుంది, పళ్ళతో పీకుతుంది, పీకిన గుడ్డ ముక్క మింగితే అదొక ఆపరేషన్.

రవ్వ_వాళ్ళమ్మ_కావలి
అందరికీ చానా థాంక్స్. పక్కింటాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశా, కాస్త మొహం ముడుచుకున్నాడు, పర్లేదు. నాయన బిళ్ళ తీసి జేబులో పెట్టుకుని తిరగతా ఉన్నాడు, నేను నిద్రపోయినప్పుడు కడతాడేమో అని భయంగా ఉంది.

ఒక సంగతి చెప్పండి. ఇది ఎప్పుడు ప్రమాదం అవుద్ది? నేను పొద్దున ఎనిమిదికి బడికి పోతే సాయంత్రం అయిదుకి వస్తా, ఇంట్లో నాయన ఒక్కడే ఉంటాడు. ఏం చూడమని చెప్పాలి ఆయనకి?

టైగర్_నాన్న_గూడూరు
అక్కా ఇది నేను చెప్పాలి. నేను పోగొట్టుకున్నా కాబట్టి.

మా టైగర్‌కి మూడు నెలలు. బొడ్డు దగ్గర ఉండ నిమ్మకాయంత ఉండేది, నొక్కితే పోయేది, వచ్చేది. అందరూ తగ్గిపోద్ది అంటే నేనూ అట్టే అనుకున్నా. ఒక ఆదివారం పొద్దున అన్నం ముట్టలేదు. రెండు సార్లు కక్కింది. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ పట్టా, అది కూడా కక్కింది. మధ్యాహ్నానికి మూలకి పోయి వీపు విల్లులా వంచి నిలబడింది, పడుకోదు. అప్పుడు పొట్ట చూశా, ఉండ గట్టిగా రాయి మాదిరి ఉంది, ముట్టుకుంటే కరవబోయింది, నన్ను ఎప్పుడూ కరవని పిల్ల. చర్మం కమిలినట్టు నీలంగా ఉంది. నేను చేసిన తప్పు, నొప్పి తగ్గుద్ది కదా అని మా ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళ సగం వేశా. పొద్దున తీసుకుపోదాం అనుకున్నా. రాత్రి రెండు గంటలకి ఇంక ఆగలేక కారులో వేసుకుని తిరుపతి తీసుకుపోయా. పేగు ఆ సందులో ఇరుక్కుని రక్తం అందక చచ్చిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు. మర్నాడు పోయింది.

మధ్యాహ్నమే బయలుదేరి ఉంటే ఉండేదేమో. మీ నాయనకి ఇంతే చెప్పు, ఉండ గట్టిపడినా, రంగు మారినా, ముట్టుకుంటే ఏడ్చినా, పిల్ల కక్కతా తిండి మానేసినా నీకు ఫోన్ చేయమని, మొదలు ఆటో ఎక్కమని. నువ్వు వచ్చిందాకా ఆగమనొద్దు.

పెన్నా_ఒడ్డు
అన్నా...

నెల్లూరు_నాని
టైగర్ నాన్నా, నువ్వు తెలిసి చేసింది కాదు. నువ్వు రాసింది చదివి ఇంకో పది పిల్లలు బతుకుతాయి.

వెట్_ఫైనలియర్_తిరుపతి
అన్న చెప్పిన గుర్తులన్నీ కరెక్ట్. రెండు మాటలు కలుపుతా. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు కుక్కలకి చాలా చెడ్డవి, కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు పోతాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా వెయ్యొద్దు.

రెండోది, ఉండ లోపలికి పోకపోతే ప్రతిసారీ ఎమర్జెన్సీ కాదు. ఒక్కోసారి రంధ్రం మూసుకుని కొంచెం కొవ్వు బయటే మిగిలిపోతుంది, అది మెత్తగా, నొప్పి లేకుండా, బఠాణీ గింజలా ఉండిపోతుంది, జీవితాంతం ఏం కాదు. గట్టిదనం, నొప్పి, వేడి, వాంతులు, ఇవి తోడయితేనే పరుగు. గట్టిగా ఉన్నదాన్ని ఇంట్లో నొక్కి లోపలికి పంపాలని చూడొద్దు.

కనిగిరి_కరుణ
నులిపురుగుల మందు వేశారా? మా పిల్లకి పొట్ట కుండలా ఉండి హెర్నియా ఇంకా ఉబ్బి కనపడేది, మందు వేశాక పొట్టా తగ్గింది ఉండా చిన్నదయింది. మలబద్ధకం కూడా లేకుండా చూసుకోండి, ముక్కే కొద్దీ బయటికి తోస్తది. వీధికుక్క పిల్లలకి తల్లి నుంచే పురుగులు వస్తాయి.

రవ్వ_వాళ్ళమ్మ_కావలి
టైగర్ నాన్నా నువ్వు రాసింది నాయనకి చదివి వినిపించా. మధ్యలోనే లేచి బయటికి పోయాడు, కాసేపాగి వచ్చి జేబులో బిళ్ళ తీసి దేవుడి గూట్లో పెట్టాడు.

ఈ పొద్దు సెలవు పెట్టి రవ్వని పశువుల ఆసుపత్రికి తీసకపోయా. గేదెల మధ్యలో కూచున్నాం, రవ్వ ఒక దున్నపోతుని చూసి అరిచి మళ్ళీ నా కొంగులో దూరింది. డాక్టరమ్మ చానా ఓపిగ్గా చూసింది. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట గోకతా తడిమింది. బొక్క తన చిటికెన వేలి కొనంత ఉందంట, వస్తా ఉండేది కొవ్వే అంది. బరువు చూసి పురుగుల మందు అక్కడే తాగిచ్చింది, మూడు నెలలు వచ్చిందాకా రెండు వారాలకోసారి వెయ్యమంది. మొదటి టీకా వచ్చే వారం, పార్వో (రక్త విరేచనాల జబ్బు) లాంటి వాటికి కలిపి ఉంటది కదా అది, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, మూడు నెలలు నిండాక రేబిస్. హెర్నియాకి ఇప్పుడేం వద్దు, నెలకోసారి చూపించు, ఆరు నెలలకి కూడా మూసుకోకపోతే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే కుట్టేద్దాం, ఒకే మత్తు, దాదాపు ఒకే కోత అంది. బొడ్డు కిందనే కోస్తారంట కదా ఆడకుక్కకి, అదే కోత కొంచెం పైకి పొడిగిస్తే చాలంట.

సింగరాయకొండ_సుబ్బు
సరే, నేను మొండిగా మాట్లాడా. టైగర్ సంగతి చదివాక ఇంక వాదించబుద్ధి కాలేదు.

వేదాయపాళెం_స్వీటీ
నాది కొంచెం వేరే. మా స్వీటీకి ఉండ బొడ్డు దగ్గర కాదు, వెనక కాలు పొట్ట కలిసే గజ్జ దగ్గర, ఒక పక్కనే. అది కూడా ఆగొచ్చా ఆరు నెలల దాకా? ఇప్పుడు నాలుగు నెలలు.

వెట్_ఫైనలియర్_తిరుపతి
గజ్జల్లోది వేరే లెక్క అండీ, దయచేసి బొడ్డు దాంతో కలపొద్దు. ఇంగ్వైనల్ హెర్నియా అంటాం. ఆడకుక్కల్లో అక్కడ గర్భసంచి, మూత్రాశయం కూడా దిగొచ్చు. ఈ వారమే చూపించండి, ఇది మూసుకుంటుందిలే అని ఎదురుచూసే రకం కాదు.

వేదాయపాళెం_స్వీటీ
రేపే పోతా.

మాగుంట_లేఔట్_మధు
నాకు కోపం ఒకటుంది. లాబ్రడార్ పిల్లని డబ్బులు పోసి కొన్నా, అమ్మినాయన ఒళ్ళో పెట్టుకుని పొట్ట కనపడకుండా చూపించాడు. ఇంటికొచ్చి చూస్తే హెర్నియా. ఫోన్ చేస్తే తల్లి బొడ్డు దగ్గరగా కొరికేసింది అందుకే అన్నాడు. తర్వాత తెలిసింది, దాని అక్కకి కూడా ఉందంట, ముందు ఈతలో కూడా ఉందంట, అదే తల్లి అదే తండ్రి. వంశంలో వచ్చేదని తెలిసీ జత కట్టిస్తా ఉన్నాడు. ఎవరన్నా కొనేటప్పుడు పిల్లని తిరగేసి పొట్ట చూసుకోండి, నిలబెట్టి కూడా చూడండి. నా పిల్లని నేను తిరిగివ్వలేదు, ఇప్పుడు ఏడాదిన్నర, కుట్టించేశా, నా మంచం మీదే పడుకుంటది.

చీమకుర్తి_చిన్నోడు
అందుకే హెర్నియా ఉన్నదానికి పిల్లల్ని పెట్టించకూడదు. రవ్వకి ఎట్టాగూ ఆపరేషన్ అంటున్నారు కదా, ఆ బాధ లేదు.

నెల్లూరు_నాని
అంతా సరే గానీ రవ్వ ఫొటో పెట్టకుండా ఇన్ని పోస్టులు పోయాయి, ఇది న్యాయం కాదు.

రవ్వ_వాళ్ళమ్మ_కావలి
నాలుగు నెలల తర్వాత వస్తా ఉన్నా, మర్చిపోలేదు మిమ్మల్నందర్నీ. రవ్వకి ఇప్పుడు ఆరు నెలలు దగ్గర పడింది. మూసుకోలేదు. నెలనెలా చూపిస్తానే ఉన్నా, మొదట్లో అట్టే ఉండె, అది పెరిగే కొద్దీ బొక్క కూడా పెరిగింది, ఇప్పుడు నా బొటనవేలు కొన దూరుద్ది. డాక్టరమ్మ ఇంక ఆగొద్దు అంది. వచ్చే మంగళవారం. మత్తు అంటే భయంగా ఉంది, పొద్దున్నుంచి దాని మొహం చూస్తే ఏడుపొస్తా ఉంది. నాయన మంగళవారం వద్దు, శుక్రవారం పెట్టించు అంటాడు.

కనిగిరి_కరుణ
భయపడొద్దు. మా పిల్లకి ఇదే ఆపరేషన్, పొద్దున పది గంటలకి లోపలికి, సాయంత్రానికి ఇంట్లో. రక్త పరీక్ష చేయించమని అడగండి ముందు. ఖాళీ కడుపు ఎన్ని గంటలో డాక్టర్నే అడగండి, చిన్న పిల్లల్ని పెద్ద కుక్కల మాదిరి ఎక్కువ సేపు పస్తు పెట్టకూడదు, నీరసించి పోతాయి. మీ ఇష్టంగా మాత్రం గుప్పెడు కూడా పెట్టొద్దు, మత్తులో కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోద్ది.

టైగర్_నాన్న_గూడూరు
చేయించక్కా. ఏ రోజయినా పర్లేదు, చేయించు. అయ్యాక ఒక్క మాట రాయి ఇక్కడ.

రవ్వ_వాళ్ళమ్మ_కావలి
అయిపోయింది. టైగర్ నాన్నా నీకే ముందు రాస్తా ఉన్నా. మంగళవారమే చేశారు. రవ్వ బాగుంది. కొవ్వే ఉందంట, కానీ పేగు దూరేంత సందు ఉంది, ఇంకో నాలుగు నెలలు ఆగి ఉంటే దూరేదేమో అంది డాక్టరమ్మ. మత్తు వదిలేటప్పుడు ఒకటే మూలుగు, నాయన పక్కన నేల మీద పడుకున్నాడు రాత్రంతా, ఆయనకి మోకాళ్ళ నొప్పులు, లేవమంటే లేవలేదు.

మెడకి వేసే ఆ ప్లాస్టిక్ గరాటా పెట్టుకుంటే గోడలకి గుద్దుకుంటా ఉంది, అందుకని మా చిన్నోడి పాత బనీను తొడిగి తోక దగ్గర బొక్క పెట్టా. కుట్లు నాకకుండా ఉంది.

ఒకటే భయం, నాలుగో రోజు కుట్ల కింద మళ్ళీ మెత్తగా ఉబ్బింది. మళ్ళీ వచ్చిందా?

వెట్_ఫైనలియర్_తిరుపతి
సంతోషం అండీ. కుట్ల కింద కొంచెం నీరు చేరడం మామూలే, ఎక్కువ గెంతితే ఎక్కువ చేరుతుంది. కానీ ఎరుపు, వేడి, కుట్ల సందులోంచి కారడం, తిండి మానడం ఉంటే వెంటనే పోండి, లేకపోయినా రేపు ఒకసారి చూపించి నిర్ధారించుకోండి, ఇక్కడ నేను చూడకుండా చెప్పేది ఇంతవరకే. 10 నుంచి 14 రోజులు మెట్లు, మంచాలు, పరుగులు వద్దు. స్నానం వద్దు.

పెన్నా_ఒడ్డు
తిండి కూడా చూసుకోండక్కా, బాగయిందని ముద్దుకొద్దీ చేపల పులుసన్నం పెడతారు మనోళ్ళు. ఉల్లిపాయ కుక్కలకి విషం, ముల్లు గొంతులో పడితే ఇంకో ఆసుపత్రి.

రవ్వ_వాళ్ళమ్మ_కావలి
నాయనే పెట్టబోయాడు నిన్న, బొమ్మిడాయిల పులుసు. గిన్నె లాక్కున్నా. ఆసుపత్రికి పోయొచ్చాం, ఆ ఉబ్బు నీరేనంట, మెల్లగా అదే పోద్దంది డాక్టరమ్మ. పద్నాలుగో రోజు కుట్లు తీస్తారు.

టైగర్_నాన్న_గూడూరు
చదివా. బనీనుతో ఫొటో పెట్టు.

సింగరాయకొండ_సుబ్బు
రవ్వ అమ్మగారూ, మా బామ్మర్ది వాళ్ళింట్లో కొత్తగా పిల్ల వచ్చింది, రెండు నెలలు, బొడ్డు దగ్గర ఉండ. వాళ్ళు బిళ్ళ వెతుకుతున్నారు, నేనే ఆపించా. వాళ్ళది కావలి పక్కనే. మీరు చూపించిన ఆసుపత్రికే పంపిస్తా, ఎన్నింటికి పోవాలి? తినిపించి తీసుకుపోవచ్చా?

రవ్వ_వాళ్ళమ్మ_కావలి
పొద్దున్నే పోమనండి సుబ్బన్నా, ఆలస్యమయ్యే కొద్దీ గేదెలు పెరుగుతాయి. చూపించేదానికి పస్తు అక్కర్లేదు, తినిపించే తీసుకుపోవచ్చు. టీకాలు పడని పిల్ల కదా, అక్కడ కింద వదలొద్దని చెప్పండి, ఒళ్ళోనే పెట్టుకోమనండి. ఒక పాత దుప్పటి కూడా పట్టుకుపోమనండి, బల్ల చల్లగా ఉంటది.